బెర్నదెత్ ఎవరి పిల్ల?

(ఒక ఫిల్మ్ క్లబ్‌లో ‘జీవితం ఒక సుదీర్ఘ ప్రశాంత నది’ అనే ఫ్రెంచ్ సినిమా ప్రదర్శన తరువాత చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మొదటి గంట హాలంతా నవ్వింది. చివరి అరగంటకు వచ్చేసరికి ఆ నవ్వు పలచబడిపోయింది. నేను వెనక వరసలో కూర్చుని అది గమనిస్తూనే ఉన్నాను. సినిమా బాగా లేక మీరు నవ్వడం ఆపలేదు. ఆ అమ్మాయి ముఖం చూశాక ఇక నవ్వబుద్ధి కాలేదు. బెర్నదెత్ గురించి చెబుతున్నాను. ఈ సినిమా గురించి ఎవరు మాట్లాడినా మోమో అనే కుర్రాడి గురించి మాట్లాడతారు, గిటార్ వాయించే ఫాదర్ గురించి మాట్లాడతారు, సోమవారం వండే రావియోలీ అనే ఇటాలియన్ వంటకం గురించి మాట్లాడతారు. నేను ఈ పన్నెండేళ్ల పిల్ల గురించి మాట్లాడతాను.

ముందు నాలుగు వివరాలు. సినిమా 1988 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లో విడుదలైంది. దర్శకుడు ఎతియెన్ షాతిల్యే. ఇది ఆయన మొదటి సినిమా. అంతకుముందు అడ్వర్టైజ్‌మెంట్ ఫిల్ములు తీసేవారు. కథ, మాటలు ఆయనా, ఫ్లోరాన్స్ కాన్తాన్ అనే రచయిత్రీ కలిసి రాశారు. పేరున్న స్టార్లు లేకుండానే 40 లక్షల మందికి పైగా టికెట్ కొని చూశారు. మరుసటి ఏడాది ఫ్రాన్స్ సినిమా అవార్డులైన సెజార్‌లలో ఉత్తమ తొలి చిత్రం, ఉత్తమ స్క్రీన్‌ప్లే దీనికే వచ్చాయి. బెర్నదెత్‌ను పెంచిన తల్లి మరియెల్‌గా చేసిన ఎలెన్ వాన్సాన్‌కు సహాయ నటి అవార్డు, పనిమనిషిగా చేసిన కత్రీన్ జాకోబ్‌కు కొత్త నటి అవార్డు వచ్చాయి. మోమోగా చేసిన కుర్రాడు బెనువా మజిమెల్. వాడు ఇప్పుడు ఫ్రాన్స్‌లోని పెద్ద నటుల్లో ఒకడు. 2001లో కాన్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటుడయ్యాడు. 2022లో, 2023లో వరసగా రెండుసార్లు సెజార్ అందుకున్నాడు. ఇంట్లో వెండి సామాను మాయం చేసే ఆ కళ్లలో అప్పుడే ఎంత తెలివి ఉందో మీరు చూశారు కదా.

కథ మీ కళ్లముందే ఉంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. డాక్టర్ మావియాల్‌కు ప్రసూతి క్లినిక్ ఉంది. నర్సు జొజెత్‌తో ఆయనకు చాలా కాలంగా సంబంధం ఉంది. ఇవాళ కాకపోతే రేపు తనను పెళ్లి చేసుకుంటాడని ఆమె ఎదురుచూస్తూ ఉంటుంది. క్రిస్మస్ ముందు రాత్రి ఆయన మళ్లీ భార్య దగ్గరికి వెళ్లిపోతాడు. ఆ కోపంలో జొజెత్ ఇద్దరు పురిటిబిడ్డలను మార్చేస్తుంది. ల కెన్వా వాళ్ల మగపిల్లాడు మోమో గ్రొజేయ్ వాళ్లింటికి, గ్రొజేయ్ వాళ్ల ఆడపిల్ల బెర్నదెత్ ల కెన్వా వాళ్లింటికి చేరతారు. పన్నెండేళ్ల తరువాత డాక్టర్ భార్య చనిపోతుంది. అయినా ఆయన పెళ్లికి ఒప్పుకోడు. అప్పుడు జొజెత్ ఉత్తరాలు రాసి నిజం బయటపెడుతుంది.

జొజెత్‌ను విలన్ అనుకుని వదిలేయకండి. కత్రీన్ ఈజెల్ ఆ పాత్రను ఎంత నిబ్బరంగా చేసిందో చూడండి. ఏళ్ల తరబడి ఒక మగవాడి మాట నమ్మి పనిచేసిన ఆడమనిషి ఆమె. ఆ క్లినిక్‌లో ఆమెకు చేతనైన ప్రతీకారం ఒక్కటే, ఆ ఇద్దరు బిడ్డలను మార్చడం. చేసింది ఘోరం. కానీ ఆ కోపం వెనక ఉన్న అవమానాన్ని దర్శకుడు దాచలేదు. చివరికి సముద్రపు ఒడ్డున డాక్టరూ ఆమే ఒకే ఇంట్లో ఉంటారు. కోరుకున్నది దొరికింది. దొరికిన మనిషిలో మాత్రం ఇక ఏమీ మిగల్లేదు.

ఇక రెండు ఇళ్ల సంగతి. ల కెన్వా వాళ్లది కలిగిన కాథలిక్ కుటుంబం. తండ్రి ప్రభుత్వ విద్యుత్ సంస్థకు ఆ ప్రాంతపు డైరెక్టర్. ఐదుగురు పిల్లలు. అందరికీ నీలం రంగు బట్టలు, నున్నగా దువ్విన జుట్టు, టైముకు భోజనం, టైముకు ప్రార్థన. ఏ వారం ఏం వండాలో కూడా ముందే తేలిపోయి ఉంటుంది. సోమవారమైతే రావియోలీ. గ్రొజేయ్ వాళ్లు ప్రభుత్వ అద్దె ఫ్లాట్‌లో ఉంటారు. టీవీ మోగుతూనే ఉంటుంది, దాన్ని మించి మనుషులు అరుస్తూ ఉంటారు. పిల్లలు చిన్నా చితకా దొంగతనాలు చేస్తారు. ఒక పూట డబ్బుంటే పండగ, లేకపోతే లేదు. షాతిల్యే ఈ రెండు ఇళ్లనూ పక్కపక్కన పెట్టి ఒకదాని నుంచి ఇంకోదానికి కట్ చేస్తూ పోతాడు. ఇక్కడ భోజనం, అక్కడ భోజనం. ఇక్కడ నిద్ర, అక్కడ నిద్ర. అడ్వర్టైజ్‌మెంట్లు తీసిన చెయ్యి కదా, ముప్పై సెకన్లలో ఒక ఇంటి స్వభావం మొత్తం చెప్పేస్తాడు.

ఆయన పుట్టింది ఉత్తర ఫ్రాన్స్‌లోని రూబేలో, 1952లో. ఆ ఊరి గురించి కొంచెం తెలిస్తే ఈ సినిమా మరోలా కనిపిస్తుంది. రూబే, పక్కనే తూర్‌క్వాఁ, రెండూ ఉన్ని మిల్లుల ఊళ్లు. రూబేను వెయ్యి పొగగొట్టాల ఊరు అనేవారు. మిల్లుల యజమానులు చాలావరకు గట్టి కాథలిక్కులు. పెద్ద కుటుంబాలు, పొదుపు, చర్చి, దానధర్మాలు, ఆస్తిని ఇంట్లోంచి బయటకు పోనివ్వకపోవడం, ఇవన్నీ వాళ్ల జీవితంలో ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయాయి. మిల్లు చుట్టూ ఇరుకు ఇళ్లలో కూలీలు ఉండేవాళ్లు. 1970ల నుంచి మిల్లులు ఒక్కొక్కటీ మూతపడుతూ వచ్చాయి. అందులో ఒక పెద్ద మిల్లు, కోటలా కనిపించే మోత్-బొస్యూ మిల్లు, 1993 నుంచి కార్మిక ప్రపంచపు జాతీయ ఆర్కైవ్స్‌గా మారింది. పనిచేసే చోటు పోయి, పని జ్ఞాపకాలు దాచే చోటు మిగిలింది.

సినిమాలో మిల్లు ఒక్కటీ కనిపించదు. గ్రొజేయ్ వాళ్లకు ఉద్యోగం ఎందుకు లేదో ఎవరూ చెప్పరు. ఇక్కడ నాకు దర్శకుడితో పేచీ ఉంది. ల కెన్వా వాళ్లను వెక్కిరించినప్పుడు ఆయన వాళ్లను లోపలి నుంచి చూసి వెక్కిరించాడు. ప్రతి చిన్న అలవాటూ తెలుసు. గ్రొజేయ్ వాళ్లను మాత్రం బయటి నుంచే చూశాడు. దొంగలు, సోమరులు, గోల మనుషులు, అంతే. వాళ్లను ప్రేమగానే చూపించాడు, వాళ్ల ఇంట్లో ఆనందం ఉందనీ చూపించాడు. అయినా పేదవాడు ఆనందంగా ఉన్నాడని చూపిస్తే సరిపోదు. ఆ తండ్రి తండ్రి ఏ మిల్లులో ఎంతకాలం పనిచేశాడో ఒక్క మాటలో అయినా తెలిస్తే ఆ ఇంటి గోలకు మరో అర్థం వచ్చేది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఉత్తరం అందాక ల కెన్వా దంపతులు ఏం చేశారు? మోమోను తెచ్చుకున్నారు. గ్రొజేయ్ వాళ్లకు డబ్బిచ్చి తెచ్చుకున్నారు. పిల్లలందరికీ, బంధువులకూ ఏం చెప్పారు? ఒక పేద పిల్లాడిని దత్తత తీసుకున్నామని చెప్పారు. తమ కడుపున పుట్టిన కొడుకునే దానధర్మం కింద చూపించారు. మరి బెర్నదెత్‌కు? ఏమీ చెప్పలేదు. పాపం ఆమె బాధపడుతుందని చెప్పలేదు అనుకుంటాం. నేను అలా అనుకోను. వాళ్లు చెప్పలేకపోయారు. ఎందుకంటే ఆ నిజం చెబితే తమ గురించి తాము నమ్ముకున్నదంతా పోతుంది.

ఏం నమ్ముకున్నారు వాళ్లు? మేం మంచివాళ్లం, శుభ్రమైనవాళ్లం, మా వంశం అలాంటిది అని. మరి ఇప్పుడు వాళ్ల ఇంట్లో అందరికంటే శుభ్రంగా, అందరికంటే పద్ధతిగా, తల్లి పోలికలన్నీ పుణికిపుచ్చుకుని పెరిగిన పిల్ల ఎవరు? గ్రొజేయ్ వాళ్ల పిల్ల. దొంగతనం చేసి, అబద్ధం ఆడి, ఆ నవ్వుతోనే అందరినీ బుట్టలో వేసుకునే పిల్లాడు ఎవరు? తమ రక్తం. అంటే వంశం అనుకున్నది అలవాటు మాత్రమే అని తేలిపోయింది. ఆ రావియోలీ, ఆ ప్రార్థన, ఆ నీలం స్కర్టు, ఇవి ఎవరికి వేసినా సరిపోతాయి. మరియెల్ చివరికి మందు సీసా పట్టుకోవడానికి కారణం మోమో చేసిన దొంగతనాలు అని నేను అనుకోను. తను ఎవరో తనకే తెలియకుండా పోయింది, అదీ కారణం. ఎలెన్ వాన్సాన్ ఆ చిరునవ్వును మెల్లమెల్లగా ఎలా కరగనిచ్చిందో గుర్తు తెచ్చుకోండి. మొదట్లో అది మర్యాద. మధ్యలో భయం. చివరికి వచ్చేసరికి ముఖం మీద ఉందే కానీ ఆమెది కాదు.

ఫ్రాన్స్‌లో ఈ విషయాన్ని ఏళ్ల తరబడి అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రవేత్త పియేర్ బూర్దియో. 1979లో ఆయన రాసిన పెద్ద పుస్తకం సరిగ్గా దీని గురించే. మనం ఏం తింటాం, ఎలా కూర్చుంటాం, ఏ పాట విని ముఖం చిట్లిస్తాం, ఇవన్నీ మన సొంత అభిరుచులు అనుకుంటాం. అవి మనం పెరిగిన వర్గం మన ఒంట్లోకి ఎక్కించిన అలవాట్లు అంటాడాయన. ఆలోచించి చేసేవి కావు, ఒళ్లే చేసేస్తుంది. బెర్నదెత్ గ్రొజేయ్ వాళ్లను చూసినప్పుడు కలిగే అసహ్యం సరిగ్గా ఇదే. తను పుట్టింది ఆ ఇంట్లోనే అని ఆమె బుద్ధికి తెలుసు. ఒళ్లు ఒప్పుకోవడం లేదు. ఆ అసహ్యాన్ని ఆమెకు నేర్పింది ఎవరు? ఇప్పుడు ఆమెను ఓదార్చాల్సిన అదే తల్లి.

ఆమెకు నిజం చెప్పేది మోమో. పెద్దవాళ్లందరూ నోరు మూసుకున్న చోట ఆ పిల్లాడు నోరు తెరిచాడు. వాడు అంత మంచి మనసుతో చెప్పాడని కాదు, దాచడం వాడికి అలవాటు లేదు. గ్రొజేయ్ ఇంట్లో అన్నీ అరిచి చెప్పుకుంటారు. ల కెన్వా ఇంట్లో ఏదీ అరవరు. ఆ తరువాత ఆ అమ్మాయి ఇక తట్టుకోలేకపోతుంది. అందరికీ దూరంగా ముడుచుకుపోతుంది. వలెరీ లలాంద్ అనే ఆ చిన్న నటి కన్నీళ్లతో ఏమీ చేయలేదు. తన చర్మమే తనకు పరాయిదైనట్టు నిలబడింది. మీ నవ్వు ఆగింది అక్కడే.

తెలుగు వాళ్లు ఎవరైనా ఈ సినిమా చూడగానే ఒకటి అనుకుంటారు, ఇంటర్వెల్‌లో ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు కూడా: ఇది మన కథే కదా అని. నిజమే. 2020 సంక్రాంతికి వచ్చిన ‘అల వైకుంఠపురములో’ కూడా ఆసుపత్రిలో మారిన బిడ్డల కథే. అక్కడ మార్చినవాడు ఒక తండ్రే, తన కొడుకు గొప్పింట్లో పెరగాలని. కానీ రెండింటి నడకలో ఎంత తేడా ఉందో చూడండి. మన సినిమాలో ఎక్కడ పెరిగినా రక్తం పైకి తేలుతుంది. మధ్యతరగతి ఇంట్లో పెరిగిన గొప్పింటి కొడుకులో ఆ దర్జా, ఆ ధైర్యం ఉంటాయి. గొప్పింట్లో పెరిగినవాడు మెతకగా మిగులుతాడు. చివరికి ఎవరిచోటికి వాళ్లు చేరుకుంటే మనకు తృప్తి. షాతిల్యే సినిమాలో రక్తం నోరు కూడా మెదపదు. మోమోకు కన్నతల్లిని చూస్తే పేగు కదలదు. బెర్నదెత్‌కైతే కన్నవాళ్లను చూస్తే కడుపులో తిప్పుతుంది.

అలా అని మన కథలన్నీ రక్తం వైపే అని చెప్పలేను. కర్ణుడు ఉన్నాడు. కృష్ణుడు వచ్చి నువ్వు కుంతి కొడుకువి, పాండవుల్లో పెద్దవాడివి అని చెప్పాడు. తరువాత కుంతే స్వయంగా వచ్చి చెప్పింది. రాజ్యం వస్తుంది, తమ్ముళ్లు కాళ్లకు మొక్కుతారు. అయినా కర్ణుడు కదల్లేదు. పాలిచ్చి పెంచింది రాధ, నాకు జాతకర్మలు చేయించింది సూతుడైన అధిరథుడు, వాళ్లను వదిలి రాను అన్నాడు. రాధేయుడు అనే పేరే ఉంచుకున్నాడు. మోమోలో ఆ నిబ్బరం కొంత ఉంది. వాడు రెండు ఇళ్లనూ వదులుకోలేదు, కొత్త ఇంటి వెండి చెంచాలు తీసుకెళ్లి పాత ఇంటికి ఇచ్చాడు. చూడటానికి దొంగతనమే. కానీ పెంచినవాళ్ల రుణం అలా తీర్చుకుంటున్నాడేమో అనిపిస్తుంది నాకు. బెర్నదెత్‌కు ఆ దారి లేదు. ఆమెను పెంచినవాళ్లు ఆమెకు అబద్ధం చెప్పారు. కన్నవాళ్లు డబ్బు తీసుకున్నారు. రాధ దగ్గరికీ వెళ్లలేకపోయింది, కుంతి దగ్గరికీ వెళ్లలేకపోయింది.

ఇది సినిమా కథ మాత్రమే అనుకోవద్దు. ఈ సినిమా వచ్చిన ఆరేళ్లకు, 1994లో, దక్షిణ ఫ్రాన్స్‌లోని కాన్ ఊళ్లో ఒక క్లినిక్‌లో ఇద్దరు ఆడపిల్లలు నిజంగానే మారిపోయారు. ఎవరూ పగబట్టి చేయలేదు. కామెర్లకు చికిత్స చేసే చోట ఇద్దరినీ ఒకే పెట్టెలో పెట్టడం వల్ల జరిగిన పొరపాటు. పదేళ్లకు డీఎన్‌ఏ పరీక్షతో తెలిసింది. రెండు కుటుంబాలూ కలుసుకున్నాయి. కలుసుకుని, పెంచిన పిల్లను పెంచిన ఇంట్లోనే ఉంచుకోవాలనుకున్నాయి. మొదట్లో రాకపోకలు ఉన్నాయి, తరువాత తగ్గిపోయాయి. 2015లో గ్రాస్ పట్టణ కోర్టు ఆ క్లినిక్ రెండు కుటుంబాలకూ కలిపి దాదాపు 18.8 లక్షల యూరోల నష్టపరిహారం కట్టాలని తీర్పు చెప్పింది. ఆ వార్త వచ్చిన రోజుల్లో ఫ్రెంచ్ పత్రికలు చాలా వరకు ఈ సినిమాను గుర్తు చేశాయి. నాకు మాత్రం ఆ వార్తలో కనిపించింది తేడా. అక్కడ పిల్లలకు నిజం చెప్పారు. ల కెన్వా దంపతులు చేయలేని పని అదే.

హాస్యం గురించి ఒక మాట. పనిమనిషి మరీ-తెరేజ్‌కు కడుపు వస్తుంది. తను ఎవరితోనూ పడుకోలేదని ఒట్టేస్తుంది. మేరీమాతను పూజించే ఇల్లు అది, అయినా ఆమె మాట ఒక్కరూ నమ్మరు. ఫాదర్ గిటార్ పట్టుకుని యేసూ తిరిగి రా అని పాడతాడు. ఆ ఇంట్లోకి నిజంగా ఒకరు తిరిగి వచ్చారు, సొంత కొడుకు. అతణ్ణి ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. షాతిల్యే జోకులు ఇలాంటివి. పైకి చూస్తే తేలిక, లోపల ప్రతిదీ ఈ కుటుంబం నమ్మకం మీదే పెట్టిన పరీక్ష. నమ్మకం అబద్ధమని ఆయన అనడం లేదు. నమ్మేవాళ్లు తమ నమ్మకాన్ని ఎప్పుడూ వాడి చూడలేదని అంటున్నాడు.

అందుకే ఆ కుటుంబం చెల్లాచెదురు కావడం నాకు విషాదంగా అనిపించదు. మిగిలిన పిల్లలను చూడండి. గ్రొజేయ్ పిల్లలతో తిరగడం మొదలయ్యాక వాళ్ల ముఖాల్లోకి రంగు వచ్చింది. మొదటిసారి వాళ్లకు తమ ఒళ్లు, తమ కోరికలు, తమ కోపం తెలిశాయి. ఇల్లు కూలుతుంటే కొందరికి ఊపిరి ఆడింది. తల్లికి ఆడలేదు. తండ్రి, ఆంద్రే విల్మ్స్ చేసిన ఆ పొడవాటి మనిషి, ఏం జరుగుతోందో అర్థం కాకుండానే మర్యాదగా నిలబడ్డాడు. విల్మ్స్ గొప్ప రంగస్థల నటుడు. ఆయన ఒక్కసారి కూడా నవ్వించడానికి ప్రయత్నించలేదు, అందుకే మనం అంత నవ్వాం.

నాకు ఈ సినిమాతో తీరని కోపం ఒకటి ఉంది. బెర్నదెత్‌ను అక్కడిదాకా తీసుకెళ్లి, సినిమా ఆమెను వదిలేసింది. చివర్లో మనకు డాక్టరు దొరికాడు, జొజెత్ దొరికింది, తల్లి పతనం దొరికింది. ఆ పిల్ల లోపల ఏం జరుగుతోందో చెప్పే ఒక్క సీను, ఆమె ఎవరితోనైనా మనసు విప్పే ఒక్క సీను లేదు. ఇంట్లోవాళ్లు ఆమె నుంచి నిజాన్ని ఎలా దాచారో, సినిమా కూడా ఆమెను మన నుంచి అలాగే దాచింది. కొందరు విమర్శకులు అదే దీని బలం అంటారు, అది చెబితే కామెడీ పోయి ఏడుపు సినిమా అవుతుందని. నేను ఒప్పుకోను. ఆమెకు ఆ సీను ఇవ్వగల సత్తా ఈ దర్శకుడికి ఉంది, ఈ రచయిత్రికీ ఉంది. మీలో ఎవరికైనా వేరే అభిప్రాయం ఉంటే వినాలని ఉంది. ముఖ్యంగా ఆడపిల్లల్ని పెంచినవాళ్లు, దత్తత తీసుకున్నవాళ్లు, దత్తత వెళ్లినవాళ్లు ఈ హాల్లో ఉంటే ముందు వాళ్లు మాట్లాడాలి. మైకు వాళ్లకు ఇవ్వండి.